ఆకును తడిపినట్టు గడ్డను తడిపాం

మూడేళ్ళ కింద, వానాకాలం నాట్లు పడుతున్న రోజులు. పొద్దున నీళ్ళ క్యాన్లు వేసుకుని మా అక్క గంగామణి ఇంటికి వెళ్తే, వసారాలో ఆమె కూర్చునే చోట చాట బోర్లించి ఉంది. మా అక్క పద్నాలుగేళ్ళ వయసు నుంచి బీడీలు చుడుతోంది. పండుగ రోజైనా నాలుగు కట్టలు కట్టనిదే లేచే మనిషి కాదు. తొమ్మిదింటికి చాట బోర్లా ఉందంటే ఏదో జరిగిందన్నమాటే.

"ఏందక్కా, సమ్మె చేస్తున్నవా?" అన్నాను నవ్వుతూ. ఆమె నవ్వలేదు. మేనకోడలు మౌనిక నన్ను బయటికి పిలిచింది.

"మామా, అమ్మకు కుడి రొమ్ముల గడ్డ తాకుతుందంట. దారం తెంపేటప్పుడు చెయ్యి ఒత్తుకుంటే తెల్సిందంట. పది రోజులైంది. నాకు నిన్ననే చెప్పింది."

నా పేరు సాయిలు. బాన్సువాడలో చిన్న వాటర్ ప్లాంట్ నడుపుతాను. మా బావ దుబాయ్‌లో పనిచేస్తాడు, రెండేళ్ళకోసారి వస్తాడు. కాబట్టి ఆ ఇంటి మంచీచెడ్డా అంతా నా నెత్తి మీదే ఉండేది. అది నాకు గర్వంగా కూడా ఉండేది. ఆ గర్వం సంగతి తర్వాత చెప్తాను.

మర్నాడే ఊళ్ళో లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆమె లోపల పరీక్ష చేసి వచ్చి, నొప్పి ఉందా అని అడిగింది. అక్క లేదంది. నా ముఖం వెలిగింది. డాక్టర్ నా వైపు చూసి, "నొప్పి లేదని సంతోషపడకండి. నొప్పి లేని గడ్డనే ముందు చూపించుకోవాలి. నిజామాబాద్ వెళ్ళి మామోగ్రామ్ చేయించండి. వాళ్ళు అవసరమంటే బయాప్సీ కూడా చేస్తారు. ఈ వారంలోనే పోండి" అని చిట్టీ రాసిచ్చింది. ఆ చిట్టీని అక్క తన బీడీల లెక్క రాసే పుస్తకంలో పెట్టుకుంది. అది నాలుగు నెలలు అక్కడే ఉంది.

ఎందుకుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ వారంలోనే నిజామాబాద్‌లో ఒక హోటల్‌లో మా ప్లాంట్ల వాళ్ళకు మీటింగ్ ఉంది. ఆల్కలైన్ నీళ్ళ మిషన్ అమ్మే కంపెనీ పెట్టింది. రెండు పనులూ ఒక్క బస్సులో అవుతాయని ముందు అనుకున్నాం. ఆ రోజు అక్కకు కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే పని పడింది. "నువ్వు పోయి రా తమ్మీ, నేను ఇంకో రోజు వస్త" అంది. నేనొక్కడినే వెళ్ళాను.

స్టేజీ మీద కోటు వేసుకున్న ఒకాయన మాట్లాడాడు. మాట తేనె. మన ఒంట్లో చాలా భాగం నీళ్ళేనన్నాడు. ఆ నీళ్ళు సెల్ లోపల ఒక వరుసలో ఉంటాయనీ, ఆ వరుస చెదిరితే సెల్ ఎండిపోయి, పుల్లబడి, క్యాన్సర్ అవుతుందనీ అన్నాడు. "క్యాన్సర్ జబ్బు కాదు. సెల్ దాహం" అన్నాడు. సూది గుచ్చి బయాప్సీ చేస్తే లోపలున్నది ఒళ్ళంతా పాకుతుందని కూడా అన్నాడు. తర్వాత రెండు గ్లాసుల్లో నీళ్ళు పోసి మందు చుక్కలు వేశాడు. ఒకటి పసుపు పచ్చగా, ఒకటి నీలంగా మారింది. హాలంతా చప్పట్లు.

ఆ చుక్కలు నాకు కొత్త కావు. నా ప్లాంట్‌లో నేనే వేస్తాను. అవి నీళ్ళ పీహెచ్ చెప్తాయి, అంతకు మించి ఏమీ చెప్పవు. జేబులో పెన్ను మర్చిపోతానేమో కానీ నీళ్ళు కొలిచే మీటర్ మర్చిపోని వాణ్ణి. అంత తెలిసినవాణ్ణి చప్పట్లు కొట్టాను. నాకు నీళ్ళు తెలుసు కాబట్టి ఒంట్లో నీళ్ళు కూడా తెలుసనుకున్నాను. ఇంతకాలం క్యాన్లు మోసిన పనికి ఎవరో కోటు తొడిగి డాక్టర్ పనంత చేసినట్టనిపించింది. నేనన్న గర్వం చివరికి ఇక్కడికి చేరింది.

మిషన్ తీసుకుని ఇంటికి వచ్చాను. విన్నదంతా అక్కకు చెప్పాను. ఆమె చదువుకోలేదు కానీ గట్టి మనిషి, ఊరికే నమ్మదు. నేను చూపించిన కంపెనీ వీడియోలు సగం కూడా చూడలేదు. ఆమెను నమ్మించింది ఆ కోటాయన కాదు, బీడీ ఆకు.

బీడీ చుట్టేవాళ్ళందరికీ తెలుసు. తునికాకు ఎండినది చుడితే పెళుసుగా విరిగిపోతుంది. అందుకని ముందు రోజు సాయంత్రం కట్ట విప్పి నీళ్ళలో ముంచి, తడిగుడ్డలో చుట్టి పెడతారు. పొద్దున బొటనవేలితో ఒత్తి చూస్తారు. మెత్తబడితే కత్తిరిస్తారు. మా అక్క వేలు ఆకు మీద ఒక్క క్షణం పెట్టి, ఇంకో గంట ఉండాలో వద్దో చెప్పేస్తుంది. వాడకట్టు ఆడవాళ్ళు ఆకు తెచ్చి ఆమె వేలికే చూపించుకునేవారు.

"నిజమే కావచ్చు తమ్మీ" అంది నా మాటలన్నీ విని. "ఎండిన ఆకు చెప్పినట్టు ఇనదు. తడిపితే మెత్తవడ్తది. లోపల గూడ గట్లనే అయితుండొచ్చు."

"గదేనక్కా ఆయన చెప్పింది" అన్నాను. ఆయన ఆకు సంగతి చెప్పనే లేదు.

"మరి గా చిట్టీ?" అని మౌనిక అడిగింది. ఆమె అప్పుడు డిగ్రీ రెండో ఏడు చదువుతోంది.

"రెండు నెలలు చూద్దాం. తగ్గకుంటే పోదాం. ఊకె సూది గుచ్చిపిచ్చుకుని పాకిచ్చుకునుడెందుకు?" అన్నాను.

రోజూ పొద్దున మూడు సీసాలు ఇచ్చేవాణ్ణి. చిటికెడు తినే సోడా కలపమని కంపెనీవాళ్ళు చెప్పారు, కలిపేవాళ్ళం. పరగడుపున మూత్రంలో కంపెనీ ఇచ్చిన పీహెచ్ కాగితం ముంచి రంగు చూసేవాళ్ళం. మొదట పసుపు వచ్చేది. పది రోజులకు ఆకుపచ్చకు తిరిగింది, అంటే ఒంట్లో పులుపు తగ్గిందని మా లెక్క. మౌనిక ఆ కాగితం పట్టుకొచ్చి చూపించిన రోజు నేను స్వీట్లు తెచ్చాను. ఆ డబ్బా మూత తెరిచిన చప్పుడు కూడా ఇప్పటికీ గుర్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గేస్తుంది.

అక్క ఇంకొకటి తనంతట తానే మొదలుపెట్టింది. మిషన్ నీళ్ళలో గుడ్డ తడిపి, పిండి, ఆకు కట్ట మీద చుట్టినట్టు రొమ్ము మీద పెట్టుకుని పడుకునేది. పొద్దున లేచి బొటనవేలితో ఒత్తి చూసుకునేది. నేను తమ్ముణ్ణి, చూసేది కాదు, తాకేది కాదు. వాకిట్లో క్యాన్ దించుతూ "ఎట్లుందక్కా?" అని మాత్రం అడిగేవాణ్ణి.

"మెత్తవడ్తుంది తమ్మీ."

వేలు అన్నాక నమ్మాల్సిందే. ఆ వేలు ఏనాడూ తప్పు చెప్పలేదు.

ఇప్పుడు తెలుస్తోంది. తడిసి మెత్తబడింది పైన చర్మం. కింద ఉన్నది ఎట్లా ఉందో వేలికి తెలియదు.

రెండు నెలలు దాటాయి. నాట్లు వేసిన పొలాలు పొట్టకొచ్చాయి. నేను చిట్టీ ఊసెత్తలేదు, అక్క కూడా ఎత్తలేదు. ఆమె బీడీలు మళ్ళీ మునుపటిలా చుడుతోంది. మనిషి బాగానే ఉంది. మౌనిక రెండుసార్లు అడిగింది. రెండోసారి నేను కసిరాను. "నీళ్ళ గురించి నాకు చెప్తవా?" అన్నాను. ఆ పిల్ల మళ్ళీ అడగలేదు. కసరకుండా ఉంటే మూడోసారి అడిగేదేమో.

కోతలు మొదలైన రోజుల్లో ఒక ఆదివారం మౌనిక తల్లికి తలస్నానం చేయిస్తూ చూసింది. చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడి ఉంది. చంకలో ఇంకో గడ్డ ఉంది. సోమవారం పొద్దున ప్లాంట్‌కు వచ్చింది. నలుగురు గిరాకీలు ఉన్నారు. సీసాలున్న సంచి నా బల్ల మీద పెట్టింది.

"మామా, ఇగ నీ నీళ్ళు నువ్వే తాగు. ఇయ్యాల పదింటి బస్సుకు అమ్మను తీస్కపోతున్న. వస్తే రా."

నేను షట్టర్ దించి వెనకాలే వెళ్ళాను. బస్సులో అక్క బీడీల పుస్తకం తెరిచి చిట్టీ తీసింది. మడతల దగ్గర చిరిగిపోయి ఉంది.

నిజామాబాద్‌లో మామోగ్రామ్ చేసినావిడ ఫిలిం చూసి, హైదరాబాద్ వెళ్ళమని చెప్పింది. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో బయాప్సీ చేస్తామన్నప్పుడు కూడా నా నోరు ఊరుకోలేదు. "సార్, సూది పెడితే పాకుతదంటరు గదా" అన్నాను.

డాక్టర్ వయసులో నా కంటే చిన్నవాడు. కోపం చేయలేదు. "సూదితో పాకదు. గడ్డ చూసి ఎన్ని నెలలైంది?"

"నాలుగు, సార్."

"ఈ నాలుగు నెలలు ఏం చేశారు?"

చెప్పాను. నీళ్ళు, సోడా, కాగితం, తడిగుడ్డ. అంతా విన్నాడు. ఆ విన్న తీరుకే నాకు ఏడుపొచ్చింది.

"సెల్‌కు నీళ్ళు కావాలి, అది నిజమే. అబద్ధం ఎప్పుడూ ఇట్లాంటి ఒక నిజం పట్టుకునే వస్తుంది. కానీ క్యాన్సర్ దాహంతో రాదు. సెల్ ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి అని దాని లోపల ఒక రాత ఉంటుంది. ఆ రాత చెడితే వస్తుంది. మీరు ఏ నీళ్ళు తాగినా రక్తం తన పీహెచ్ తను కాపాడుకుంటుంది. ఎక్కువైంది మూత్రంలో బయటికి పంపేస్తుంది. మీ కాగితం మీద రంగు మారింది అందుకే."

నా ప్లాంట్‌లో ఫిల్టర్ కాదన్న నీళ్ళు పోవడానికి వెనక ఒక పైపు ఉంటుంది. నేను నాలుగు నెలలు ఆ పైపు కింద మీటర్ పెట్టి, ట్యాంకులో నీళ్ళు బాగున్నాయని సంతోషపడ్డానన్నమాట. కొత్తగా పనిలో చేరిన వాడు కూడా చేయని తప్పు అది.

రిపోర్టు వారానికి వచ్చింది. ఇన్‌ఫిల్ట్రేటింగ్ డక్టల్ కార్సినోమా, అంటే రొమ్ము క్యాన్సరే. స్కాన్‌లో చూస్తే చంకలో నోడ్స్ అనే చిన్న గ్రంథులకు పాకింది, లివర్‌కు, ఎముకలకు పోలేదు. స్టేజ్ త్రీ అన్నారు. ముందు కీమో ఎనిమిది సైకిళ్ళు, తర్వాత ఆపరేషన్, తర్వాత రేడియేషన్.

"నాలుగు నెలల కింద వస్తే?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"అప్పుడు ఎంతుందో నేను చెప్పలేను. ఆ రోజు చూసి ఉంటే చెప్పేవాణ్ణి" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ మోస్తున్నాను. నీ వల్లే అని ఉంటే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. నీ వల్ల కాదు అని ఉంటే నిద్రపోయేవాణ్ణి. ఆయన రెండూ అనలేదు.

కీమో మూడు వారాలకొకటి. ఎర్ర మందు ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రగా వచ్చేది. "గిప్పుడు ముంచురా నీ కాగితం" అంది అక్క మొదటి రోజు. అంత జబ్బులో కూడా నన్ను ఆటపట్టించడం మానలేదు. నేను బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. రెండో సైకిల్‌కు జుట్టంతా రాలింది. మూడో సైకిల్ తర్వాత జ్వరం వచ్చి రక్తంలో తెల్లకణాల కౌంట్స్ పడిపోయాయి, ఐదు రోజులు అడ్మిట్ చేశారు. తాగడానికి మా ప్లాంట్ నీళ్ళు పట్టుకొచ్చానని చెప్తే సిస్టర్ నా వైపు చూసి, "ఏ నీళ్ళైనా సరే అన్నా, కాచి చల్లార్చి ఇవ్వు" అంది. జీవితంలో మొదటిసారి నా నీళ్ళు నేనే పారబోశాను.

ఆ రోజుల్లోనే కోటాయనకు ఫోన్ చేశాను. విషయం చెప్పాను. "మీ అక్క పూర్తి నమ్మకంతో తాగలేదు. పైగా ఇప్పుడు కీమోలోకి పోయింది, మేమేం చేస్తం?" అన్నాడు. అదే తేనె గొంతు. నేను బూతు తిట్టి పెట్టేశాను. తిట్టినందుకు పశ్చాత్తాపం లేదు. కానీ ఆయన మాట నా నోటితో బాన్సువాడలో ఇంకో నాలుగిళ్ళకు చేరింది. అక్కను దవాఖాన నుంచి తీసుకొచ్చి ఇంట్లో దించిన రోజే ఆ నాలుగిళ్ళకూ వెళ్ళి, నేను చెప్పింది తప్పని చెప్పాను. అవి కాక, బీర్కూర్ నుంచి వచ్చి నీళ్ళు తీసుకెళ్ళే ఒకామె నా మాట విని షుగర్ బిళ్ళలు ఆపేసి ఉంది. దండం పెట్టి మళ్ళీ వేయించాను.

ఆపరేషన్‌లో రొమ్ము పూర్తిగా తీసేశారు. చంకలో నోడ్స్ కూడా చాలా తీశారు. తర్వాత రేడియేషన్. అన్నీ అయ్యేసరికి మళ్ళీ కోతలు వచ్చాయి. "రెస్పాన్స్ బాగుంది" అన్నాడు డాక్టర్. గండం గడిచిందనుకున్నాం.

ఆ చలికాలం అక్క కుడి చెయ్యి వాచింది. ముందు గాజులు బిగుసుకున్నాయి, తర్వాత కట్టర్‌తో తెంపాల్సి వచ్చింది. నిజామాబాద్‌లో ఫిజియోథెరపీ మేడం చూసి, "చేతిలో నీరు చేరింది. నోడ్స్ తీశారు కదా, నీరు పోయే దారి లేదు. ఇది పూర్తిగా పోదు, పెరగకుండా చూసుకోవాలి" అంది. బరువు ఎత్తొద్దంది. గంటల కొద్దీ ఒకే పనిగా ఆ చెయ్యి ఆడించొద్దంది.

అంటే బీడీలు లేవు. అక్క ఇంటికి వచ్చాక చాట, కత్తెర, ఆకు కొలిచే రేకు ముక్క మూటగట్టి అటక మీద పెట్టించింది. అప్పుడు ఏడ్చింది. రొమ్ము తీసినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఆ మూట పైన పెట్టింది నేనే. కిందికి దిగి, "తప్పు నాదక్కా" అన్నాను. అంతదాకా ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వొక్కనివే చెప్పినవా? నా ఏలు గూడ చెప్పింది గదరా" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. తప్పులో సగం ఆమె తీసుకుంది, నాకు బరువు తగ్గలేదు.

ఇప్పుడు అక్క జబ్బు తిరగబెట్టకుండా రోజూ ఒక లెట్రోజోల్ బిళ్ళ వేసుకుంటోంది. ఆరు నెలలకోసారి చెకప్‌కు వెళ్తాం. పోయిన నెల చెకప్ కూడా మంచిగనే ఉంది. మౌనిక డిగ్రీ అయిపోయింది, బీఈడీ చదువుతోంది, నాతో మాట్లాడుతుంది. మిషన్ నా ప్లాంట్ మూలన గోనెపట్టా కింద ఉంది. కొనేవాళ్ళు వచ్చారు, అమ్మలేదు. నీళ్ళు మాత్రం అమ్ముతున్నాను. దాహానికి తాగే నీళ్ళని చెప్పి అమ్ముతున్నాను.

నాలాంటి వాళ్ళు చదివితే ఒక్కటే చెప్పేది. డాక్టర్ చిట్టీ మీద పరీక్ష రాస్తే, ఆ పరీక్ష అయ్యేదాకా ఇంకే ఆలోచనా పెట్టుకోకండి. నీళ్ళు తాగాలనిపిస్తే తాగండి, ఎవరు ఏం చెప్పినా వినండి, కానీ రిపోర్టు చేతికొచ్చాక వినండి. చిట్టీని ఏ పుస్తకంలోనూ పెట్టకండి.

రోజూ పొద్దున మొదటి ట్రిప్పుకు ముందు అక్క ఇంటికి వెళ్తాను. మేడం నేర్పినట్టు చేతిని వేళ్ళ వైపు నుంచి భుజం వైపు మెల్లగా నిమిరి, వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి కట్టు కడతాను. పక్కింటి ఆడవాళ్ళు ఇప్పటికీ ఆకు తెచ్చి అక్క ఎడమచేతికి ఇస్తారు. ఆకు సంగతిలో ఆ చేతి బొటనవేలు కూడా తప్పు చెప్పదు.

ఈ రోజు కట్టు విప్పగానే ఆ వేలితోనే వాపు మీద ఒత్తి చూసుకుని, "ఇయ్యాల మెత్తగుంది తమ్మీ, తగ్గింది" అంది.

నేను జేబులోంచి టేపు తీశాను.

"నా మాట నమ్మవా తమ్మీ?"

"నిన్ను నమ్ముత అక్కా. ఏలును నమ్మ."

మణికట్టు దగ్గర, మోచేతి కింద, మోచేతి పైన టేపు పెట్టి చూశాను. నిన్నటికంటే అర అంగుళం పెరిగింది. నోట్‌బుక్‌లో రాసి మేడంకు ఫోన్ చేశాను. రేపు రమ్మంది. నేను రేపటిదాకా ఆగలేదు, ఈ రోజు పదింటి బస్సుకే బయలుదేరాం.